కొండ అంచున విడిచిన చేయి: ‘కాదల్ కొండేన్’, ‘నేను’ చిత్రములపై ఒక కాపరి పరిశీలన

వేదాంత పత్రికలో సినిమాను గూర్చి వ్యాసమేమిటి అని అడిగే సహోదరులు మనలో ఇంకను ఉన్నారు. వారిని ఒక శనివారము సాయంకాలము చిక్కడపల్లికి రమ్మంటాను. ఆదివారము ఉదయము మన ఆరాధనలో వెనుక బెంచీలలో కూర్చునే యవ్వనస్థులు ముందురోజు సాయంత్రము ఎక్కడ ఉన్నారో తెలుసుకోవాలంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వరకు నడిస్తే చాలు. పాత ఓడియన్ ఇప్పుడు లేదు గాని సంధ్య, దేవి, సుదర్శన్ ముందు జనము తగ్గలేదు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ పరీక్షలకు చదివేవారు, సిటీ సెంట్రల్ లైబ్రరీలో ప్రొద్దున వచ్చి చీకటి పడితేగాని లేవనివారు, నారాయణగూడ హాస్టళ్లలో నలుగురు ఒక గదిలో సర్దుకొనేవారు, వీరందరికీ ఆ కూడలియే విశ్రాంతి స్థలము. మనము వారికి సంవత్సరమునకు 52 ప్రసంగములు చేస్తాము. వారు చూసే సినిమాలు అంతకంటె ఎక్కువ. పైగా ప్రసంగము విని ఏడ్చిన కుర్రవాడు నాకు అరుదుగా కనబడ్డాడు, సినిమా చూసి ఏడ్చినవారిని చాలామందిని ఎరుగుదును.

అటువంటి ఒక సినిమాను గూర్చి వ్రాయాలని నాకు చాలాకాలముగా ఉన్నది. వ్రాయకపోవడానికి కారణము బద్ధకము కాదు. ఆ సినిమా విషయములో నేనే ఒకసారి పులిపీఠము మీద తప్పు చేశాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

కథ, దాని బలము

‘కాదల్ కొండేన్’ అను తమిళ చిత్రము 2003 జూలై 4న విడుదలైనది. దర్శకుడు సెల్వరాఘవన్. అతని తమ్ముడు ధనుష్ ముఖ్యపాత్రధారి. విడుదలనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు ఇంకా నిండలేదు. మరుసటి సంవత్సరము, 2004లో, ఇ. సత్తిబాబు దర్శకత్వములో ఇదే కథ తెలుగులో ‘నేను’ అను పేరుతో వచ్చింది. అప్పటివరకు నవ్వించే నటుడుగా పేరుపొందిన అల్లరి నరేష్ ఆ పాత్ర ధరించాడు. (ఇదే నరేష్ 2021లో ‘నాంది’ చిత్రములో చేయని హత్యకు జైలులో మగ్గే విచారణ ఖైదీగా నటించాడు. ఆ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూడదలచినవారు చూడవచ్చును.) ఈ వ్యాసములో నేను చెప్పే సన్నివేశములు, పాత్రల పేర్లు మాతృకయైన తమిళ చిత్రములోనివి.

వినోద్ అనాథ. ఒక చర్చి ఫాదరు పెంపకములో పెరిగాడు. ఆ ఫాదరు పాత్రను నగేష్ ధరించాడు. తరాల తరబడి దక్షిణాదిని నవ్వించిన ఆ మనిషి ఇక్కడ నవ్వించడు. ఫాదరుకు కుర్రవానిమీద ప్రేమ ఉన్నది, వాని తెలివిమీద నమ్మకమున్నది. వాడు వద్దంటున్నా పట్టుపట్టి పట్నములో కాలేజీకి పంపుతాడు. అక్కడ వానిని ఎవరూ దగ్గరకు రానివ్వరు. మాసిన బట్టలు, చింపిరి జుట్టు, ఎవరి కళ్లలోకి చూడని చూపు. తరగతిలో నిద్రపోతాడు. కోపగించిన లెక్చరరు లేపి బోర్డు మీది లెక్క చేయమంటే, చకచకా చేసేసి మరల వచ్చి పడుకొంటాడు. థియేటరులో చప్పట్లు పడే సన్నివేశమది. నేనూ కొట్టాను.

దివ్య అను సహవిద్యార్థిని ఒక్కతే వానితో మనిషితో మాట్లాడినట్లు మాట్లాడుతుంది. వాడు ఆ స్నేహమును ప్రేమగా మార్చుకొంటాడు. ఆమె మనసు మరొకరిమీద, ఆది అను యువకునిమీద ఉన్నదని తెలిసిన తరువాత, ఆదిని కలుసుకొనడానికని నమ్మించి ఆమెను జనసంచారము లేని కొండ ప్రాంతమునకు తీసుకొని వెళతాడు. అక్కడ ఆమెకు తన బాల్యము చెబుతాడు. చిన్నతనములో అతి తక్కువ కూలికి గొడ్డు చాకిరి, ఎదురు తిరిగితే హింస, తనతోపాటు ఉన్న స్నేహితురాలిని కళ్లముందే చెరచి చంపడము, కొందరు పిల్లలతో కలిసి అక్కడనుండి తప్పించుకొనడము. ఆమె కదిలిపోతుంది. తరువాత పోలీసులు, ఆది అక్కడికి చేరుతారు. వానిని గూర్చి వారు చెప్పినది ఆమె నమ్మలేకపోతుంది, వాడు తనతో మర్యాదగానే మెలిగాడు గనుక. అంతలో వాడు తిరిగి వచ్చి పోలీసులమీద కాల్పులు జరిపి హత్యలు చేస్తాడు. చివర కొండ అంచున ఇద్దరు యువకులు క్రిందికి వ్రేలాడుతుండగా దివ్య ఒక చేతితో ఆదిని, ఒక చేతితో వినోద్‌ను పట్టుకొని ఉంటుంది. వానిని వదిలేయమని ఆది అరుస్తాడు. ఆమె వదలలేదు. వినోద్ ఆమెవైపు చూసి చిరునవ్వు నవ్వి, తానే చేయి విడుస్తాడు.

ఈ చిత్రమునకు మంచి పేరు వచ్చింది, రావలసినదే. దీనిలోని సత్యమును మొదట ఒప్పుకొనాలి. సాధారణముగా మన సినిమాలలో హంతకుడు పుట్టుకతోనే హంతకుడు, లేదా పగ తీర్చుకొనే వీరుడు. ఇక్కడ హంతకుడు ఒక గాయపడిన పిల్లవాడు. వాని నిద్ర కూడ బాల్యములో దొరకని నిద్రయే అని నాకు రెండవసారి చూసినప్పుడు తట్టింది. ఫాదరు వానికి తిండి, గూడు, చదువు ఇచ్చాడు. అయినను ఈ కథలో మన కళ్లముందు వాడు తన గతమును విప్పి చెప్పుకొనేది ఫాదరు దగ్గర కాదు, నాలుగు రోజుల పరిచయమున్న ఒక అమ్మాయి దగ్గర. మనము నడిపే హాస్టళ్లను, బోర్డింగులను, అనాథ శరణాలయములను తలచుకొంటే ఈ ఒక్క సంగతి కొరకైనా పాస్టర్లు ఈ సినిమా చూడాలి. ఏ మిషను చరిత్ర తెరిచినా బాలుర బోర్డింగు లేని అధ్యాయము ఉండదు. ఎందరిని చదివించామో లెక్క ఉంటుంది. ఎందరి మాట విన్నామో లెక్క ఉండదు.

దాని మోసము

అయితే గాయమును చూపించిన చిత్రము ఆ గాయమునే అనుమతి పత్రముగా వాడుకొన్నది. వాని బాల్యము చెప్పే దృశ్యములు ఎప్పుడు వస్తున్నాయో గమనించండి. అపహరణకు తరువాత, హత్యలకు ముందు. ఆమెను మోసము చేసి తెచ్చిన సంగతి మనము మరచిపోవలసిన సమయమునకే ఆ కన్నీళ్లు వస్తాయి. ఇంతకంటె పెద్ద లోపము ఆ అమ్మాయి విషయములో ఉన్నది. వానికి ఆమె తల్లి, స్నేహితురాలు, ప్రియురాలు, న్యాయాధిపతి, చివరకు కొండ అంచున ఆధారము కూడ. ఆమెకు తనదైన పని మాత్రము కథలో లేదు. ఆమె జాలిపడాలి, అంతే. జాలిపడకపోతే ఆమె చెడ్డది, జాలిపడితే ఆమె బందీ.

నా తప్పు ఇక్కడే. 2005 శుభ శుక్రవారమున మూడు గంటల ఆరాధనలో నాకు ఏడవ మాట ఇచ్చారు. ఎండ, ఉపవాసము, ఆరు ప్రసంగములు విని అలసిన సంఘము. వారిని కదిలించాలని నేను ఈ కొండ అంచు దృశ్యము చెప్పాను. ప్రేమించినదాని కొరకు తన చేయి తానే విడిచిన యువకుడని, ప్రభువు కూడ తన ఆత్మను తానే అప్పగించాడని పోల్చాను. వెనుక బెంచీల కుర్రవాళ్లు కళ్లు తుడుచుకొన్నారు. ప్రసంగము ఫలించిందనుకొన్నాను. ఆరాధన ముగిసి గుమ్మము దగ్గర నిలబడి చేతులు కలుపుచుండగా మా యవ్వనస్థుల కూడికకు వచ్చే ఒక నర్సింగు విద్యార్థిని ఆగింది. "అయ్యగారూ, చేయి వదిలినవాడిని మెచ్చుకున్నారు, బాగుంది. ఆ అమ్మాయిని చేయి పట్టుకొని అక్కడిదాకా లాక్కొచ్చింది ఎవరండీ?" అని అడిగింది. గట్టిగా అడగలేదు, కొంచెము భయపడుతూనే అడిగింది. నేను ఏదో సర్దిచెప్పాను. ఇంటికి వెళ్లినదాకా ఆ మాట నన్ను వదలలేదు.

ఆమె అడిగినది ఊహాజనితమైన ప్రశ్న కాదు. ‘నేను’ వచ్చిన 2004లోనే విజయవాడలో ప్రేమ పేరుతో వెంటపడిన యువకుడు ఒక విద్యార్థినిని కళాశాల తరగతి గదిలోనే నరికి చంపాడు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోశారు, వారిలో ఒకరు ఆ నెలాఖరుకు మరణించారు. సినిమా చూసి హత్య చేశారని నేను అనను. అది తేలిక మాట, నిరూపించలేని మాట కూడ. సినిమా చేసే పని వేరు. తిరస్కరించబడిన కుర్రవాని దుఃఖమే కథ, తిరస్కరించిన అమ్మాయి ఆ కథలో ఒక మలుపు మాత్రమే అని వందల మారులు చూపించి, మన కళ్లకు అలవాటు చేస్తుంది. ఆ అలవాటు పడిన కళ్లతోనే నేను సిలువను కూడ చూశాను. ప్రభువు ఎవరినీ బలవంతముగా కొండమీదికి తీసుకొనిపోయి, అక్కడ తన ప్రాణము పెట్టి వారిని ఋణస్థులను చేయలేదు. బలవంతముగా తీసుకొని పోబడినవాడు ఆయనే. విమోచన సిద్ధాంతము మీద నేను విద్యార్థిగా వ్రాసిన పరీక్షలకంటె ఆ సహోదరి ప్రశ్న నాకు ఎక్కువ నేర్పింది.

ఇంకొక మాట. వినోద్ తానే పడిపోవడము ప్రేక్షకునికి గొప్ప ఉపశమనము. వాడు బ్రతికితే ఏమి చేయాలి? కోర్టు, జైలు, శిక్ష ముగిసిన తరువాత ఒక గది, ఒక పని, ఒక సంఘము. ఇవన్నీ కథకు బరువు. అందుచేత వానిని చంపి, వాని చిరునవ్వును మనకు ఇచ్చి పంపిస్తారు. మనము వానికొరకు ఏడ్చి బయటికి వచ్చి ఇరానీ చాయ్ త్రాగుతాము.

పోలెండులో ఒక కుర్రవాడు

హత్య చేసిన యువకుని కథను వేరొక విధముగా చెప్పవచ్చును. పోలెండు దర్శకుడు క్రిస్టఫ్ కీస్లోవ్‌స్కీ పది ఆజ్ఞలమీద ‘డెకలాగ్’ అను పది భాగముల టెలివిజన్ చిత్రము తీశాడు. అందులో అయిదవ భాగమును పెంచి 1988లో ‘హత్యను గూర్చి ఒక చిన్న చిత్రము’గా విడుదల చేశాడు. (అయిదవదేమిటి, నరహత్య చేయకూడదన్నది ఆరవ ఆజ్ఞ గదా అని మన బాప్టిస్టు విద్యార్థులు వెంటనే అంటారు. లూథరన్ విద్యార్థులు తమ చిన్న ప్రశ్నోత్తరి ప్రకారము అయిదవదే అంటారు. రోమను కతోలికులు కూడ అలాగే లెక్కిస్తారు. సెమినరీ భోజనశాలలో ఈ వాదము నేను విన్నంతగా ఆ ఆజ్ఞను గూర్చిన వాదము వినలేదు.)

యాట్సెక్ అను ఇరవై ఏళ్ల కుర్రవాడు వార్సా వీధులలో ఊరకే తిరుగుతూ తిరుగుతూ ఒక టాక్సీ డ్రైవరును చంపుతాడు. కారణము చెప్పడు. ఆ హత్య నిమిషాల తరబడి సాగుతుంది, చూడలేము. తరువాత రాజ్యము వానిని ఉరితీస్తుంది. అదియు అంతే నిదానముగా, ఉరికొయ్య చక్రమునకు నూనె పెట్టడము మొదలు అన్నీ చూపించి, చూడలేనంతగా తీశారు. వాని బాల్యము మనకు ఎప్పుడు తెలుస్తుంది? హత్యకు ముందు కాదు. ఉరికి కొద్ది నిమిషముల ముందు, లాయరుతో చెబుతాడు. తనతో కలిసి త్రాగిన స్నేహితుడు నడిపిన ట్రాక్టరు క్రింద పడి తన చిన్న చెల్లెలు చనిపోయింది. ఆ పిల్ల మొదటి ప్రభురాత్రి భోజనపు దుస్తులలో ఉన్న ఫోటోను పెద్దది చేయించడానికే వాడు సినిమా మొదటిలో ఫోటో దుకాణమునకు వెళ్లాడు. తండ్రి ప్రక్కన, చెల్లెలి ప్రక్కన మిగిలిన చోటులో తనను పాతిపెట్టమని అడుగుతాడు. నారాయణగూడ శ్మశానవాటికలో సమాధి ఆరాధనలు చేసిన పాస్టర్లకు ఈ మాట వేరుగా వినబడుతుంది. ‘మా నాయన ప్రక్కనే’ అను ఆ ఒక్క కోరిక కొరకు కుటుంబములు ఎంత తిరుగుతాయో మనకు తెలుసు.

సెల్వరాఘవన్ గాయమును హత్యకు ముందు పెట్టాడు, కీస్లోవ్‌స్కీ హత్యకు తరువాత పెట్టాడు. తేడా ఇంతే అనిపిస్తుంది గాని వేదాంతపరముగా ఇది చాలా పెద్ద తేడా. మొదటి క్రమములో గాయము నేరమును వివరిస్తుంది, వివరించి తగ్గిస్తుంది. రెండవ క్రమములో నేరము పూర్తి బరువుతో మన ఎదుట పడిన తరువాతనే ఆ మనిషి మనకు కనబడతాడు. చంపబడిన డ్రైవరును మనము మరచిపోవడానికి వీలులేదు, చంపినవానిని చంపడానికి చేతులు రావు. పోలెండులో 1988 తరువాత ఎవరినీ ఉరితీయలేదు, 1997 శిక్షాస్మృతి మరణశిక్షను తీసివేసింది. అదంతా ఒక సినిమా చేసిన పని అనను గాని, అప్పటి చర్చలో ఆ చిత్రమునకు చోటున్నది.

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము

ఈ చిత్రములను తలచుకొన్నప్పుడల్లా నేను వెళ్లే వాక్యభాగము కయీను కథ కాదు, ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము. మనము ఆ అధ్యాయమును ముక్కలుగా చదువుతాము. ఒకేసారి చదివితే ఆశ్చర్యము కలుగుతుంది. మొదటి తొమ్మిది వచనములలో పొలములో ఒక శవము పడియున్నది, చంపినది ఎవరో తెలియదు. పెద్దలు, న్యాయాధిపతులు వచ్చి ఆ శవమునుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలుస్తారు. దగ్గరగా ఉన్న ఊరి పెద్దలు ఒక పెయ్యను తెచ్చి, దాని మెడ విరుగదీసి, చేతులు కడుగుకొని, ఆ రక్తము తమ ఊరిమీద నిలువకుండ ప్రార్థించాలి. 18నుండి 21 వరకు తల్లిదండ్రుల మాట వినని, తిండిబోతు త్రాగుబోతు అయిన కుమారుని అదే పెద్దల యొద్దకు తెస్తే ఊరివారందరు రాళ్లతో కొట్టి చంపాలి. 22, 23 వచనములలో మ్రానుమీద వ్రేలాడదీయబడినవాని శవమును రాత్రి ఉండనియ్యక అదే దినమున పాతిపెట్టాలి. చివరి భాగము గలతీ పత్రిక 3వ అధ్యాయమువలన మనకు కంఠస్థము. మొదటిది మనము ఎన్నడూ ప్రసంగించము.

చెడిపోయిన కుమారుని విషయములో ఊరికి రాళ్లు దొరుకుతాయి. శవము విషయములో ఊరికి కొలత కావాలి. మన సమాజము మొదటిది త్వరగా నేర్చుకొన్నది. మన సినిమా కూడ అంతే; కొండ అంచునుండి పడవేయడము రాళ్లకంటె అందముగా ఉన్నది, అంతే తేడా. దూరము కొలవడమంటే నేరస్థుని విడిచిపెట్టడము కాదు. హంతకుడు దొరికితే వానికి రావలసినది వేరుగా ధర్మశాస్త్రములో ఉన్నది, సంఖ్యాకాండము 35 చూడండి. కొలవడమంటే ఈ శవమునకు మనమెంత దగ్గరలో ఉన్నామో కనుక్కోవడము. వినోద్ కథలో కొలత వేస్తే, మొదటి దూరము వానిని గొడ్డువలె వాడుకొన్నవారికి. రెండవది కాలేజీకి. మూడవది, చెప్పడానికి నాకు కష్టముగా ఉన్నది, ఆ చర్చికి. కొండ క్రింద దొరికే శవమును సంతకము పెట్టి తీసుకొనడానికి వానికి బంధువు లేడు. అదే దినమున పాతిపెట్టడానికి రావలసినది ఆ ఫాదరే. సినిమా ఆ దృశ్యము చూపించలేదు. చూపించి ఉంటే బాగుండేదని నేను అనుకొంటాను.

2019 డిసెంబరు 8

ఇది పాత సినిమాను గూర్చిన మాటగా ముగించి ఉండవచ్చును. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిని అపహరించి, అత్యాచారము చేసి చంపి, షాద్‌నగర్ సమీపమున చటాన్‌పల్లి దగ్గర దహనము చేశారు. ఆ క్రూరత్వమును తగ్గించి చెప్పడానికి ఎవరికీ అధికారము లేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు అదే చోట పోలీసు కాల్పులలో చనిపోయారు. అక్కడ పోలీసులమీద పూలు చల్లారు. మా వీధిలో మిఠాయిలు పంచారు, నాకు ఇచ్చినది నేను తిన్నాను. రెండు దినముల తరువాత ఆదివారము, ఆగమన కాలపు రెండవ ఆదివారము. నేను విజ్ఞాపన ప్రార్థనలో న్యాయము జరిగినందుకు స్తోత్రము చెప్పాను. సంఘము గట్టిగా ఆమేన్ అన్నది. ఆ సంవత్సరమంతటిలో అంత గట్టి ఆమేన్ నేను వినలేదు.

సుప్రీం కోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషను నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. పోలీసులు చెప్పిన కథనము నమ్మదగినది కాదని, చంపాలన్న ఉద్దేశముతోనే కాల్చారని కమిషను తేల్చింది. నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లు అని కూడ తేల్చింది. నా స్తోత్రార్పణ ముగ్గురు బాలురను విచారణ లేకుండ చంపినందుకు అయినది.

మన చట్టము ఈ విషయములో ఎంత తడబడిందో విద్యార్థులు తెలుసుకొనాలి. 1986 చట్టములో బాలుడంటే 16 ఏళ్లు నిండనివాడు, బాలిక అంటే 18 నిండనిది. 2000 చట్టము ఇద్దరికీ 18 చేసింది. 2012 ఢిల్లీ ఘటన తరువాత కలిగిన ఆగ్రహములో 2015 చట్టము వచ్చింది. దాని ప్రకారము 16 నిండి 18 నిండనివారు ఘోరమైన నేరము చేశారన్నప్పుడు బాల న్యాయ మండలి పరీక్షించి, పెద్దలవలె విచారించడానికి పంపవచ్చును. ఇది సరియా కాదా అన్న విషయములో సత్యసంధులైన క్రైస్తవులు రెండు వైపుల ఉన్నారు. నా అభిప్రాయము నాకున్నది గాని ఇక్కడ చెప్పదలచినది అది కాదు. కొలిచే పెద్దలు అక్కడ ఉన్నారా లేరా అన్నది నా ప్రశ్న. 2 సమూయేలు 14లో తెకోవ స్త్రీ దావీదు యెదుట చెప్పిన కథ చూడండి. ఇద్దరు కుమారులలో ఒకడు మరియొకని పొలములో చంపాడు, ఇప్పుడు వంశమంతా లేచి మిగిలినవానిని కూడ చంపుతామంటున్నది. చనిపోయినవాని తల్లి, చంపినవాని తల్లి ఒక్కతే. యోవాబు నేర్పిన కట్టుకథయే అది. అయినను రాజు దానికి జవాబు చెప్పకుండ తప్పించుకొనలేకపోయాడు.

బ్రతికి ఉన్న కుర్రవాడు

బెల్జియము దేశపు దార్దెన్ సోదరులు 2002లో తీసిన ‘కుమారుడు’ అను చిత్రమును మన గ్రంథాలయములు తప్పక తెప్పించుకొనాలి. ఒలివియే వడ్రంగి. శిక్ష ముగించుకొని వచ్చిన కుర్రవాళ్లకు పని నేర్పే కేంద్రములో ఉపాధ్యాయుడు. అక్కడికి 16 ఏళ్ల ఫ్రాన్సిస్ వస్తాడు. అయిదేళ్ల క్రిందట, కారులోని రేడియో దొంగిలించబోయి, అందులో ఉన్న చిన్న పిల్లవాడు తనను వదలకుండ పట్టుకొంటే గొంతు నులిమి చంపినవాడు. ఆ పిల్లవాడు ఒలివియే కుమారుడు. ఆ సంగతి ఒలివియేకు తెలుసు, ఫ్రాన్సిస్‌కు తెలియదు. ఆ తండ్రి వానిని ఎందుకు చేర్చుకొన్నాడో తనకే తెలియదు. మాజీ భార్య అడిగినా చెప్పలేడు. కొలత కర్రతో దూరములు కొలవడము, మెట్లు, పలకలు, భుజముమీద బరువు మోయడము, సినిమాలో ఎక్కువభాగము ఇదే. క్షమాపణ అన్న మాట ఎక్కడా లేదు. చివర కలప అడితిలో నిజము చెబుతాడు. కుర్రవాడు పరుగెత్తుతాడు, ఒలివియే వెంటాడి పడవేసి గొంతు పట్టుకొంటాడు, మరల వదులుతాడు. తరువాత ఒలివియే పలకలు ఎక్కిస్తుండగా కుర్రవాడు తనంతట తానే వచ్చి ఒక చివర పట్టుకొంటాడు. సినిమా అక్కడ ఆగిపోతుంది.

ఈ సినిమా మరల చూసినది 2025లో. ఆ ఆగస్టులో కూకట్‌పల్లిలో ఒక చిన్న పాపను చంపిన కేసులో నిందితుడు 14 ఏళ్ల బాలుడని, క్రికెట్ బ్యాటు దొంగిలించడానికి వచ్చి పాప చూసినందుకు చంపాడని పోలీసులు ప్రకటించారు. మా సంఘములో తల్లులు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "అలాంటివాణ్ణి ఏం చేయాలి అయ్యగారూ?" అని. వారి ముఖములు చూసి ఒలివియే కథ చెప్పడానికి నాకు ధైర్యము చాలలేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు ఎవరూ ఆ కథ చెప్పకూడదు కూడ. ఒలివియేను ఎవరూ ఒప్పించలేదు, ఏ పాస్టరూ అతనికి క్షమాపణను గూర్చి ప్రసంగించలేదు. దార్దెన్ సోదరుల నిజాయితీ అక్కడే ఉన్నది. చేర్చుకొనే పని చంపబడినవారి కుటుంబముది కాదు, ఊరిది. ఊరి తరఫున ఆ కేంద్రము ముందే ఉన్నది గనుక ఒలివియేకు ఆ అవకాశము కలిగింది.

నేను ఊరి తరఫున ఉన్న రోజు ఒకటి చెప్పి ముగిస్తాను. పాస్టరు పనిలోకి రాకముందు కొంతకాలము ఒక బాలుర హాస్టలులో వార్డెన్‌గా ఉన్నాను. ప్రతి సంవత్సరము ఒక్కొక్క పిల్లవాని ఫోటోతో నాలుగు వరుసలు వ్రాసి విదేశములలోని దాతలకు పంపేవారము. చదువు, ఆరోగ్యము, ఆటలు, భక్తి. తొమ్మిదవ తరగతి కుర్రవాడు ఒకడు ఎవరితోను మాట్లాడేవాడు కాడు. లెక్కలలో మొదటివాడు. వానిని గూర్చి మూడేళ్లు వరుసగా ‘మితభాషి, ప్రభువును ప్రేమిస్తాడు’ అని వ్రాశాను. నాలుగవ సంవత్సరము ఒక సాయంకాలము స్నానాల తొట్టి దగ్గర ఇంకొక కుర్రవాని తలమీద ఇనుప బక్కెట్టుతో మరల మరల కొట్టాడు. దెబ్బ తిన్నవాడు దేవుని దయవలన బ్రతికాడు, కాని ఒక చెవి వినబడకుండ పోయింది. కమిటీ పెద్దలు ఆ రాత్రే కూర్చొని కొట్టినవానిని పంపివేయమన్నారు. ఎందుకు కొట్టావు అని వానిని వారు అడగలేదు, నేనూ అడగలేదు. వాని పెట్టె సర్దింది నేనే. పెట్టె అడుగున వాని దాత పంపిన క్రిస్మసు కార్డులు మూడు, ఒక్కటీ విప్పకుండ ఉన్నాయి. బస్సు చార్జీకి 40 రూపాయలు ఇచ్చి వోచరు మీద సంతకము తీసుకొన్నాను. దెబ్బ తిన్న కుర్రవాని ఆసుపత్రి ఖర్చు, ఆ 40 రూపాయలు ఆ నెల లెక్కలలో ఒకే పేజీలో, ఒకదాని క్రింద ఒకటి, నా చేతివ్రాతతో ఉన్నాయి.